కొత్త ప్లేయర్ ఎవరికి వద్దు

దారాలక్క అసలు పేరు ఫ్యాక్టరీలో హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ బల్ల. కుట్టు పూర్తయి వచ్చిన చొక్కాని ట్యూబులైటు కింద పరిచి, కాలరు తిరగేసి, చంకల దగ్గర వేలు పెట్టి లాగి చూసి, వేలాడే దారాలన్నీ చిన్న కత్తెరతో కత్తిరించడం ఆమె పని. బాగున్నవి కుడి పక్కకి, బాగులేనివి ఎడమ పక్కకి. సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి జుట్టులోనూ జాకెట్టు చేతుల మీదా రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉండేవి. పేరు అలా వచ్చింది.

ఆమె భర్తకీ ఒక పేరుంది. కరెంటు ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం కాబట్టి వీధిలో అందరూ మీటరుగారు అనేవాళ్ళు. ఎదురుగా ఉన్నప్పుడు గారు ఉండేది, వెనక ఉండేది కాదు. మనిషి తక్కువ మాట్లాడేవాడు. పక్కింటివాళ్ళతో పేచీ పెట్టుకున్నవాడు కాదు, తాగి తూలుతూ వచ్చినవాడు కాదు, భార్య మీద చెయ్యెత్తినవాడూ కాదు. అందుకే అతని మీద ఫిర్యాదు చెయ్యడానికి దారాలక్కకి ఏనాడూ నోరు రాలేదు. చెప్పినా వినేవాళ్ళు, "అంతేనా?" అంటారని ఆమెకి తెలుసు.

నిజానికి అంతే. ఆమె మాటలు కూడా అతనే మాట్లాడేవాడు.

ఆమె అక్కావాళ్ళు సముద్రం చూడ్డానికి వెళ్తూ రమ్మని పిలిస్తే, "దానికి ప్రయాణాలు పడవు" అన్నాడు. బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లలా తాపత్రయపడే మనిషి గురించి అన్న మాట అది. అక్క ఇంకేమీ అడగలేదు. చెల్లెలికే ఇష్టం లేదు కాబోలనుకుని తర్వాత పిలవడం మానేసింది.

ఒకసారి ఫ్యాక్టరీ మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. లైను సూపర్వైజరు మానేసిందనీ, ఆ స్థానంలో దారాలక్కని వేద్దామనుకుంటున్నామనీ, ఇంట్లో ఒక మాట చెప్పి వెళ్దామని వచ్చాననీ అన్నాడు. ఆమె వంటింట్లో టీ కప్పులు పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపల భర్త గొంతు తాపీగా వినిపించింది.

"దానికి అలాంటివి వద్దండీ. నలుగురి మీద పెత్తనం తన వల్ల కాదు. తనే అంది నాతో."

టీ మీద మీగడ కట్టేదాకా ఆమె అక్కడే నిలబడిపోయింది. మేనేజరు వెళ్ళాక అడిగింది.

"నేనెప్పుడన్నానండీ ఆ మాట?"

"అనలేదనుకో. అడిగితే ఏమనేదానివి? అదేగా."

సూపర్వైజరు పని ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఒక పిల్లకి ఇచ్చారు. ఆ పిల్ల మంచిదే. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, అక్కా అంటూనే పని చెప్తుంది.

ఇక సినిమాల సంగతి. కూతురు బడికి వెళ్తున్న రోజుల్లో మీటరు ఒక డీవీడీ ప్లేయర్ కొనుక్కొచ్చాడు. వీధి చివర డిస్కులు అద్దెకిచ్చే కొట్టు మూతపడుతుంటే అట్టపెట్టెడు డిస్కులు ఒకేసారి తెచ్చుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సినిమా. రిమోటు అతని ఎడమ తొడ కింద ఉండేది, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. పాటలొస్తే ముందుకి తోసేవాడు. ఏడుపులొస్తే ముందుకి తోసేవాడు. ఆ సినిమాలు చాలా వరకు అతను ఆఫీసు స్నేహితులతో హాల్లో చూసొచ్చినవే. కాబట్టి నిద్ర ముంచుకొచ్చినప్పుడు, కథ ఎక్కడుందని చూడకుండా ఎర్ర బొత్తాం నొక్కేసేవాడు.

"తర్వాత ఏమవుతుందండీ?" అని ఆమె అడిగేది.

"ఏముంది. అందరూ కలుస్తారు. శుభం" అని అటు తిరిగి పడుకునేవాడు.

ఫ్యాక్టరీలో భోజనాల దగ్గర ఆడవాళ్ళు సినిమా కబుర్లు చెప్పుకుంటుంటే, చివరికొచ్చేసరికి దారాలక్క డబ్బా మూత పెట్టుకుంటూ ఊరుకునేది. "అక్కకి ఇంటర్వెల్ దాకానే టిక్కెట్టిస్తారు" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. తనూ నవ్వేది.

కూతురికి పెళ్ళయి ఊరికి అటు చివర కాపురం పెట్టింది. మీటరు రిటైరయ్యాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం గడవకముందే ఒక ఉదయం స్నానాల గదిలో పడిపోయాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి, మాట పూర్తిగా పోయింది. మనుషుల్ని గుర్తుపట్టేవాడు, చెప్పింది అర్థం చేసుకునేవాడు, నోరు తెరిస్తే మాత్రం గాలి వచ్చేది.

కొన్ని వారాలకి ఒక మాట తిరిగొచ్చింది. ఆ మాట "వద్దు."

మంచినీళ్ళు కావాలన్నా వద్దు, దిండు సర్దమన్నా వద్దు, కూతురు వస్తే సంతోషంతోనూ వద్దు. డాక్టరమ్మ వివరించింది: ఈ జబ్బులో కొందరికి ఒక్క మాటే మిగులుతుంది, ఏది చెప్పాలనుకున్నా అదే వస్తుంది, వాళ్ళ చేతుల్లో ఉండదు, దాని అర్థం పట్టుకుని కూర్చోకండి అని. వరండాలోకి వచ్చాక మరిది తల గోక్కుంటూ, "అన్నయ్య ఎక్కువ వాడిన మాట అదే కదా వదినా. వాడకంలో ఉన్న సామాను తుప్పు పట్టదు" అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి దారాలక్క గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత అలా తిరిగినందుకు తనని తనే తిట్టుకుంది.

చేతి సైగలు నేర్పాలని ఆస్పత్రిలో మొదట్లో ప్రయత్నించారు. మీటరు మొహం తిప్పేసుకున్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఎందుకంటే ఆ అవసరం లేకుండానే దారాలక్కకి అంతా తెలిసిపోయేది. మాట చివర సాగదీస్తే దాహం. మొదట్లో నొక్కితే పక్క తడిసింది. గొంతు లేకుండా పెదాలతో అంటే నిద్ర. నిజంగా వద్దు అన్నప్పుడు మాత్రం ఎడమ కనుబొమ్మ కిందికి దిగేది. చొక్కాలో తప్పు కుట్టు చేతికి తగిలినట్టే ఆమెకి ఆ తేడాలన్నీ తగిలేవి. ఎవరొచ్చినా అతను నోరు తెరవగానే ఆమె వైపు తిరిగి, "ఏమంటున్నారు?" అని అడిగేవాళ్ళు. ఆమె చెప్పేది. ఆ ఇంట్లో మొదటిసారిగా అందరూ ఆమె నోటి వైపు చూస్తూ ఆగేవాళ్ళు.

ఫ్యాక్టరీలో అడిగి ఉదయం షిఫ్టు మాత్రం ఉంచుకుంది. అంతవరకు ఒక ఆయమ్మ అతన్ని చూసుకునేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అతనికి తినిపించి, డిస్కు పెట్టేది. రిమోటు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. అయినా అలవాటు కొద్దీ పాటలు ముందుకి తోసేది, అతని కళ్ళు మూతలు పడగానే ఆపేసేది.

ఒకరోజు మరిది అన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంట్లో దారాలక్క ఒక్కతే ఉంది. ప్లేయర్‌లో లాంచీ నడిపేవాడి సినిమా ఉంది, ఆదివారాలు లెక్కలేనన్నిసార్లు చూసిందే. లాంచీవాడు భార్యని రేవులో వదిలేసి ఎక్కడికో పోతాడు. ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. ఒక వర్షం రోజున అతను తిరిగొచ్చి తలుపు కొడతాడు. ఎర్ర బొత్తాం ఎప్పుడూ పడేది అక్కడే. ఆ వేళ బొత్తాం నొక్కేవాళ్ళు లేరు. తెర మీద ఆ భార్య తలుపు తీసింది. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది, మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత లోపలికెళ్ళి సంచీ తెచ్చుకుని, అతను వచ్చిన లాంచీలోనే ఎక్కి వెళ్ళిపోయింది. అతను తువ్వాలు పట్టుకుని రేవులో నిలబడ్డాడు. సినిమా అయిపోయింది.

దారాలక్క పక్కన తడి బట్టల బకెట్టు అలాగే ఉండిపోయింది. ఆ వారంలో వీలు దొరికినప్పుడల్లా ఇంకొన్ని సినిమాల చివరి భాగాలు చూసింది. ఒకదాంట్లో అన్నదమ్ములు కోర్టులో తేల్చుకున్నారు. ఒకదాంట్లో పెద్దాయన చచ్చిపోయాడు. ఒకదాంట్లో అందరూ కలిశారు కూడా. అన్నీ అబద్ధాలు కాదన్నమాట. అదే ఆమెని ఇంకా ఎక్కువ పీకింది. తెలిసి అబద్ధం చెప్పాడా, తెలియక చెప్పాడా, లేక తనకి జవాబు చెప్పడానికి అంతకంటే శ్రమ పడనక్కర్లేదనుకున్నాడా?

తినిపిస్తూ అడిగేసింది.

"ఆ లాంచీ సినిమా మీరు చివరిదాకా చూశారా?"

"వద్దు" అన్నాడు అతను.

అన్ని వద్దుల అర్థం తెలిసిన ఆమెకి ఆ వద్దు మాత్రం అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్లేయర్ మొరాయించడం మొదలుపెట్టింది. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయేది, హీరో ఒకే మాటని నత్తివాడిలా అంటూ ఉండిపోయేవాడు. డిస్కు తీసి మెత్తని గుడ్డతో తుడిచి పెడితే కాసేపు ఆడి మళ్ళీ ఆగేది. ఆగినప్పుడల్లా మీటరు ఎడమ చేత్తో మంచాన్ని బాదేవాడు.

మరిది ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో అమ్మకాల పని చేస్తాడు. ఆదివారం కూతురూ వచ్చింది. మరిది నున్నటి రంగుల కాగితం ఒకటి పట్టుకొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"దీని లెన్సు పోయింది వదినా. బాగుచేయించినా మూణ్ణాళ్ళ ముచ్చటే. ఇంక దీని ప్రాణం తియ్యకండి. బ్లూరే ప్లేయర్ తీసుకుందాం. మన పాత డిస్కులు కూడా ఆడతాయి, పైగా బొమ్మ ఇంకా తేటగా వస్తుంది. హీరోయిన్ మొహం మీద పౌడరు కూడా లెక్కపెట్టొచ్చు."

"ఇంకా డిస్కులేంటి బాబాయ్?" అంది కూతురు. "కావాలంటే టీవీకి నెట్ పెట్టించుకుంటే సరిపోతుంది. మా ఆయన ఎప్పట్నుంచో అంటున్నారు."

"నెట్‌లో వెతికేలోపు మీ నాన్న నిద్రపోతాడమ్మా. ఆయనకి ఆ డిస్కులే తెలుసు, ఆ అట్టపెట్టే తెలుసు. ఉన్న సుఖం అదొక్కటి. అయినా మనమెందుకు కొట్టుకోవడం, ఆయన్నే అడిగితే పోయె." అని కాగితం అన్న ఒళ్ళో పెట్టాడు. "అన్నయ్యా, ఇదిగో, ఇలాంటిది కొత్తది కొందామా?"

మీటరు కాగితం వైపు చూశాడు. ఎడమ బొటనవేలితో ఆ బొమ్మని మెల్లగా రుద్దాడు.

"వద్దు" అన్నాడు.

మాట మెత్తగా వచ్చింది. కనుబొమ్మ కదల్లేదు. ఇంత స్పష్టంగా "కావాలి" అని అతను మాట పోయాక ఎప్పుడూ అడగలేదు. మరిదీ కూతురూ ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఏమంటున్నాడు వదినా?"

ఆ క్షణంలో ఏం తోచిందో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా దారాలక్కకి దొరకలేదు. కోపం రాలేదు. మామూలు గొంతుతో చెప్పింది.

"వద్దంటున్నారు. ఉన్నవి చూసీ చూసీ విసుగొచ్చిందట. అనవసరం అంటున్నారు."

మరిది నవ్వాడు. "అన్నయ్య మారలేదు. ఖర్చంటే చాలు."

మీటరు తల గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "వద్దు" అన్నాడు. గొంతు పెంచి, "వద్దు. వద్దు. వద్దు" అన్నాడు. అన్నకొద్దీ అతని మాట అతనికే అడ్డం పడింది.

"సరే అన్నయ్యా, కొనంలే. దానికంత కోపమెందుకు?" అని మరిది అతని భుజం తట్టాడు. కూతురు తండ్రి ఒళ్ళోంచి కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి కిటికీలో పెట్టింది. మీటరు ఆ మడతల వైపు చూసి, భార్య వైపు చూసి, ఊరుకున్నాడు. ఆమెకి అర్థమైందని అతనికి అర్థమైంది. గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే.

మర్నాడు ఆమె పాత ప్లేయర్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించింది. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా అయిపోయాయి. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చునేది, ఒక్కోసారి అలాగే కునుకు తీసేది. ఇన్నేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఆ హాయే ఆమెని చెడగొట్టింది. గంటల తరబడి కూర్చునే పక్కింటాయన వస్తే, "కాసేపు పడుకుంటానంటున్నారు" అని పంపించేసింది. నడక ప్రాక్టీసు చేయించాలని మరిది వస్తే, "ఈ వేళ ఓపిక లేదంటున్నారు" అంది. తిండికీ నీళ్ళకీ మందులకీ మాత్రం ఎప్పుడూ మాట మార్చలేదు. తనకి తను చెప్పుకోవడానికి అదొకటి మిగుల్చుకుంది.

అక్క చాలా ఏళ్ళ తర్వాత ఫోను చేసింది. మళ్ళీ సముద్రానికి వెళ్తున్నాం, ఈసారైనా వస్తావా, పోనీ ఆయన్ని చూసుకునేవాళ్ళుంటారా అని అడిగింది. కూతురు పక్కనే ఉంది. ఆమె ఎదుటే దారాలక్క మంచం దగ్గరికెళ్ళి అడిగింది.

"అక్కావాళ్ళతో రెండ్రోజులు వెళ్ళిరానా?"

కనుబొమ్మ కిందికి దిగింది. "వద్దు" అన్నాడు.

"వెళ్ళిరమ్మంటున్నారు" అంది ఆమె.

"నేనుంటాలే అమ్మా. నువ్వు వెళ్ళు" అంది కూతురు. ఆ మాటలో నిజంగా సంతోషం ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సముద్రం దగ్గర చీలమండల దాకా నీళ్ళలో నిలబడింది. కెరటం వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకని లాక్కుపోతుంటే పడిపోతానేమోనని అక్క చెయ్యి పట్టుకుంది.

"మీ ఆయన ఎలా ఒప్పుకున్నాడే?" అంది అక్క.

"ఆయనే పంపించాడు."

"జబ్బు చేశాక మంచివాడయ్యాడన్నమాట."

దారాలక్క ఉప్పు గాలి మొహానికి కొడుతుంటే కళ్ళు మూసుకుంది.

తిరిగొచ్చేసరికి తలుపు తీసిన కూతురు ఆమె చేతిలోని సంచీ అందుకోలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చింది. గదిలో మంచం పక్కన ఆస్పత్రి నుంచి కొత్తగా వస్తున్న ఫిజియో అమ్మాయి మీటరు చేతికి వ్యాయామం చేయిస్తోంది.

"చూడండి ఆంటీ, ఎంత బాగా నేర్చుకున్నారో" అంది ఆ అమ్మాయి ఉత్సాహంగా. "ఔనంటే బొటనవేలు పైకి, కాదంటే కిందికి. నిన్నంతా ఒకటే కబుర్లు."

ఆ అమ్మాయి వెళ్ళేదాకా కూతురు ఆగింది. తర్వాత మంచం దగ్గరికొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మ ఊరెళ్తానంటే వద్దన్నావా?"

వేలు పైకి లేచింది.

"కొత్త ప్లేయర్ కావాలన్నావా?"

వేలు పైకి లేచింది.

"కావాలన్నావని అమ్మకి తెలుసా?"

వేలు లేచింది. ఈసారి దింపకుండా అలాగే ఉంచాడు. చూపు మాత్రం దారాలక్క మీదే ఉంది.

ఆమె సంచీ కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. కూతురు వెనకే వచ్చింది.

"ఎందుకమ్మా?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా చేస్తావు? ఒకసారి కాదుగా. నువ్వు చెప్పిందే ఆయన మాట అనుకున్నాం మేమంతా. మాట పడిపోయిన మనిషి మీదా అమ్మా?"

"మాట ఉన్నప్పుడు నా వల్ల కాలేదు" అంది దారాలక్క.

దారాలక్క పొయ్యి మీద నీళ్ళ గిన్నె పెట్టి, పొయ్యి వెలిగించకుండానే దాని ముందు నిలబడింది.

"మేనేజరు ఇంటికొచ్చిన రోజు నువ్వు హోంవర్కు చేసుకుంటున్నావు ముందుగదిలో. మీ నాన్న నా గురించి చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"ఏమనుకున్నావు?"

"నీకు ఇష్టం లేదనుకున్నాను."

"అందరూ అలాగే అనుకున్నారు. ఇన్నేళ్ళూ నా మాట ఆయన చెప్పాడు, ఎవరూ ఆయన చెయ్యి పట్టుకుని నిలదియ్యలేదు. నన్నూ పిలిచి అడగలేదు. నాకు నోరు పడిపోయిందా పాడా."

"అప్పుడే చెప్పాల్సిందమ్మా."

"ఎవరికి?"

కూతురు తల వంచుకుని, "అది తప్పే. అయినా ఇదీ తప్పే" అంది. తీర్పు చెప్పినట్టు చెప్పలేదు, బాధగానే చెప్పింది. కానీ ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు తండ్రికి చెప్పి వెళ్ళింది, తల్లికి చెప్పలేదు.

ఆ వారమే మరిది కొత్త ప్లేయర్ తెచ్చి బిగించాడు. అతను వదిన మొహం చూడలేదు. ఎప్పుడూ ఒక జోకైనా వేసేవాడు, ఈసారి వైర్లు కలిపి, బొమ్మ వచ్చిందని చూసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బొమ్మ అతను చెప్పినట్టే తేటగా వచ్చింది. లాంచీ పక్కన చెక్క మీద పెచ్చులూడిన రంగు కూడా కనిపించింది. మీటరు బొటనవేలు ఎత్తితే ఆయమ్మ ముందుకి తోసేది, దించితే ఆపేసేది. ఎవరొచ్చినా ఇప్పుడు నేరుగా అతన్నే అడుగుతున్నారు. ఔను, కాదు. అతనికి అవే కావాలి, అంతకంటే ఎక్కువ మాటలు వెనకటి రోజుల్లోనూ వాడినవాడు కాదు. ఇల్లు మళ్ళీ అతని చెప్పుచేతల్లోకి వచ్చింది. దారాలక్క వైపు ఎవరూ చూడ్డం లేదు.

ఆమె చేతి ముద్ద అతను తినడం మానేశాడు. పెదాలు బిగించేవాడు. ఆయమ్మ పెడితే తినేవాడు. రెండు పూటలా ఆయమ్మని పెట్టుకోక తప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయమ్మ బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికెళ్ళినప్పుడు దారాలక్క మంచం అంచున కూర్చుంది.

"నేను చేసింది తప్పే" అంది. "ఒప్పుకుంటున్నాను. మీరు చేసింది?"

అతని చెయ్యి దుప్పటి మీద ఉంది. బొటనవేలు పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. అతను కళ్ళు మూసుకున్నాడు, నిద్ర రాకుండానే. మెట్ల మీద ఆయమ్మ చెప్పుల చప్పుడు వినిపించి ఆమె లేచింది.

ఎండలు ముదిరేసరికి అల్లుడు వచ్చి టీవీకి నెట్ పెట్టించాడు. ఈసారి ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆయమ్మకి ఫోనులో ఏం నొక్కాలో చూపించాడు. మీటరు రోజంతా వార్తలు చూస్తున్నాడు. అంత హడావిడి చేసి తెచ్చిన కొత్త ప్లేయర్ మీద దుమ్ము పేరుకుంది. ముందు భాగంలో అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా ఎవరూ ఊడదియ్యలేదు. డిస్కుల అట్టపెట్టెని ఆయమ్మ తలుపుకి అడ్డంగా వాడుతోంది, గాలికి కొట్టుకోకుండా.

కూతురు వారానికోసారి వస్తుంది. తల్లితో మర్యాదగా మాట్లాడుతుంది. తిన్నావా అని అడుగుతుంది, మోకాళ్ళ నొప్పులకి మాత్రలు తెచ్చిపెడుతుంది. తండ్రి గురించి అడగాల్సినవి ఆయమ్మని అడుగుతుంది.

దారాలక్క ఫ్యాక్టరీలో మళ్ళీ పూర్తి రోజు పని అడిగి తీసుకుంది. పని దొరికింది కానీ పాత బల్ల దొరకలేదు. దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు. తలుపు పక్కన, వెలుతురు సరిగ్గా పడని చోట కూర్చోబెట్టారు. ఆమె చొక్కా ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు ఆమెని ఇంటి దగ్గరే దింపుతుంది. ఈ మధ్య ఆమె ముందే, మందుల షాపు మలుపులో దిగిపోతోంది.

"ఇక్కడ దిగావేంటక్కా? మీ ఇల్లు ఇంకా చాలా దూరం కదా" అని కిటికీలోంచి ఎవరో అడిగారు.

"నడుద్దామని" అంది దారాలక్క.

బస్సు కదిలిపోయింది. ఆమె సంచీ భుజం మార్చుకుని, షట్టర్లు దింపుతున్న షాపుల ముందు నుంచి మెల్లగా నడిచింది. దారిలో కొనాల్సిందేమీ లేదు. అయినా ఒక్కో షాపు దగ్గర కాసేపు ఆగి లోపలికి చూసి, మళ్ళీ నడిచింది.